తోలు జిల్దులకు తొందరపాటు చికిత్స తగదు

తోలు జిల్దు గల పాత గ్రంథాన్ని తాకినప్పుడు ఒక్కొక్కసారి వేళ్ళకు ఎర్రని పొడి అంటుకొంటుంది. తోలు ఎండిపోయినదని తలచి, చాలామంది కొబ్బరినూనెనో, ఆముదాన్నో, బూటు పాలిషునో పూయ సిద్ధపడతారు. సదుద్దేశంతో చేసే ఈ చికిత్స గ్రంథానికి మరింత చేటు.

పొడికి మూలం ఎండ కాదు, ఆమ్లం. చెట్టు బెరడుతో పదును చేసిన తోలు గాలిలోని గంధక వాయువులను పీల్చుకొంటుంది. అవి గంధకామ్లంగా మారి తోలు నారలను తెంచివేస్తాయి. దీనిని ‘ఎర్రకుళ్ళు’ అనవచ్చును. చెరకు తెగులుకూ ఇదే పేరున్నా, ఇది బూజు వలన కలిగేది కాదు.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల బీళ్ళలో పూచి బతుకమ్మను అలంకరించే తంగేడుకు ఈ విషయంతో సంబంధమున్నది. తంగేడు చెక్క తోలు పదునుకు పేరొందినది. లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ నియమించిన సంఘం 1901లో, భారతదేశం నుండి వచ్చే మేక, గొర్రె తోళ్ళు ఇతర పనులకు యోగ్యమైనా జిల్దులకు బొత్తిగా తగవని తేల్చినది. ఆ తోళ్ళ పదునులో తంగేడు చెక్కే ప్రధానం.

నూనె ఆమ్లాన్ని తొలగించదు, తెగిన నారలను అతకదు. కాగితంలోకి దిగి మరకలు చేస్తుంది. జిగటగా మారి దుమ్మును పట్టుకొంటుంది. తడిబట్టతో తుడిచినచో చెడిన తోలు నల్లబడి బిరుసెక్కుతుంది. నేటి సంరక్షకులు హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజును ఆల్కహాలులో కలిపి పలుచగా పూస్తారు. అదియును పొడి రాలకుండా ఆపునే కాని, పోయిన బలాన్ని తిరిగి ఇవ్వదు. ఆల్కహాలు కొన్ని రంగులను కరిగించవచ్చును గనుక, ముందుగా కనిపించని మూలలో పరీక్షించవలసి ఉంటుంది. ఈ పని అనుభవజ్ఞులకు వదలుట మేలు.

మనము చేయదగినది వేరొకటి ఉన్నది. పవిత్ర గ్రంథాన్ని జుజ్‌దాన్‌లో భద్రపరచే పెద్దల అలవాటు ఇందుకు దారి చూపుతుంది. రంగు, గంజి లేని ఉతికిన నూలుబట్టలో గ్రంథాన్ని చుట్టి, ఎండ, పొగ, తేమ సోకని చోట పరుండబెట్టవలెను. పాత జిల్దును ఊడదీసి రెగ్జిను వేయించుటకు తొందరపడరాదు. జిల్దుపై గల ముద్రలు, చేవ్రాతలు, కుట్టుపని సైతం చరిత్రకు ఆధారాలే.

నారలు తెగిన తోలును తిరిగి కొత్త తోలుగా మార్చగల మందు లేదు. కనుక విద్యార్థులు గాని, గ్రంథాలయ బాధ్యులు గాని, రోగమేదో నిర్ణయించిన తరువాతనే సీసా మూత తీయవలెను.