ఊరు మునిగింది.. గడప మిగిలింది

అలంపూరు: కూడవెల్లిలోని చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయంలో మునగకుండా రాళ్లు విప్పి తెచ్చి, అలంపూరులో తిరిగి నిలబెట్టిన సంగతి తెలిసిందే. అదే నీటికి అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా గ్రామాలు ఖాళీ అయ్యాయి. 1981లో ఇళ్లు కూల్చినప్పుడు జనం గోడలు వదిలి దూలాలు, తలుపులు, ద్వారబంధాలు బండ్లకెత్తుకున్నారు. వాటితోనే కొత్తచోట ఇళ్లు లేచాయి.

గుడి రాళ్లకు లెక్క ఉంది. ఇంటి గడపలకు లేదు. ఏ దూలం ఏ ఊరిదో చెప్పగల పెద్దలు తగ్గిపోతున్నారు. పాత కలపకు బేరగాళ్లు వస్తే తొందరపడి ఇవ్వరాదు. ఆ గడప ఏ ఊరిదో, ఎవరి ఇంటిదో ముందుగా కాగితంపై రాసిపెట్టుకోవాలి. మునిగిన ఊరికి మిగిలిన సాక్ష్యం అదే.