రేవులో గుంత



కొన్నేళ్ల క్రితం ఒక వేసవిలో, బాప్తిస్మం ఇచ్చేందుకు సంఘస్థులతో కలిసి అమరావతి మండలంలోని ఒక కృష్ణ రేవుకు వెళ్లాను. ఆ రేవు నాకు చిన్ననాటి నుండి తెలుసు. ఇరవై అడుగులు నడిస్తేగాని నీళ్లు నడుము దాకా వచ్చేవి కావు. ఆ రోజు నాకంటె ముందు దిగిన సంఘపెద్ద చేతికర్ర నాలుగో అడుగులోనే మునిగిపోయింది. ఆయన తూలి పడబోతే ఇద్దరు యౌవనస్థులు పట్టుకొని ఒడ్డుకు లాగారు. అది యంత్రంతో ఇసుక తోడి వదిలేసిన గుంత. పైకి చూస్తే నీళ్లన్నీ ఒకే తీరుగా ఉన్నాయి! ఆ సాయంత్రం బాప్తిస్మములు మందిరం దగ్గర తొట్టిలో జరిగాయి.

ఆ సంగతి మరచిపోయేవాడినే. 2021 ఆగస్టు 14న జరిగిన ఘటన మళ్లీ గుర్తుచేసింది. నది అవతల, కంచికచర్ల మండలం చెవిటికల్లు దగ్గర ఇసుక కోసం దిగిన 132 లారీలు పులిచింతల నుండి వచ్చిన వరదలో చిక్కుకున్నాయి. వెనక్కు రావడానికి బాట లేదు. డ్రైవర్లను, కూలీలను పడవల మీద ఒడ్డుకు చేర్చారు. వాన కాలంలో నదిలో ఇసుక తవ్వరాదని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు 2020లోనే చెప్పాయి.

మన అమ్మమ్మలు ఎండాకాలంలో ఏటి ఇసుకలో చెలమ తవ్వి కడవ నింపుకొనేవారు. ఇసుక రేణువుల సందుల్లో నీరు నిలుస్తుంది. ఒడ్డున ఉన్న బావులకు, బోర్లకు అక్కడి నుండే ఊట. ఇసుక లోతుగా తీస్తే నది మట్టం దిగుతుంది. అప్పుడు బావిలో ఉన్న నీరే నదివైపు జారిపోతుంది. ఎత్తిపోతల పంపులకు నీరందదు. ప్రవాహం దారి మార్చుకొని ఒడ్డును కోస్తుంది. మిరప వేసిన చేను అంచు విరిగి నీళ్లలో పడితే ఆ రైతుకు నష్టపరిహారం ఎవరిస్తారు?

వరదొస్తే మళ్లీ మేట వేస్తుంది గదా అంటారు. ఒకప్పుడు నిజమే. ఇప్పుడు శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల ఆనకట్టలు పైనుండి వచ్చే ఇసుకను చాలావరకు తమ వెనుకనే ఆపేస్తున్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద పారింది. అంత నీరు వచ్చినా ఆనకట్టల వెనుక అడుగున పడిన ఇసుక మన దాకా రాదు. అందుకే వానలకు ముందు, తరువాత నదిని కొలిచి, కొత్తగా చేరినంతే తీయాలని ఆ మార్గదర్శకాలు అంటున్నాయి.

చట్టాలకు కొదువ లేదు. మన రాష్ట్రంలో 2002 నుండి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ఉన్నది. ఐదు హెక్టార్లకు లోపు తవ్వకానికైనా పర్యావరణ అనుమతి కావాలని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో చెప్పింది. అక్రమ తవ్వకానికి ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడేలా 2015లో గనుల చట్టాన్ని సవరించారు. కృష్ణలో ఇసుక అక్రమాలను ఆపలేదని 2019 ఏప్రిల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మన రాష్ట్రాన్ని 100 కోట్ల రూపాయలు కట్టమన్నది. 2024 జులై 8న ఉచిత ఇసుక విధానం మొదలైంది. ఉచితమంటే రేవులో ఎవరికి తోచినంత లోతు వారు తవ్వుకోవచ్చని కాదు. ఈ మాట మన ఊళ్లలో ఇంకా చాలామందికి చేరలేదు.

ఇక నా సంగతి చెప్పాలి. ఆ బాప్తిస్మానికి రెండేళ్ల ముందు మందిరానికి ప్రహరీ కట్టించాము. ఇసుక ట్రాక్టర్లు రాత్రి పదకొండు తరువాత వచ్చేవి. ధర తక్కువ. బిల్లు లేదు. కానుకల డబ్బు మిగిలిందని సంతోషించానే గాని ఈ ఇసుక ఎక్కడిదని అడగలేదు. ఆ రేవులో గుంత తవ్వి తెచ్చిన ఇసుక మా గోడలో కూడా ఉండవచ్చు. పెద్దాయన తూలిపోయింది గుర్తుకు వస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మొన్న వంటశాల కట్టేటప్పుడు ఇసుక దింపకముందే పర్మిటు కాగితం చూపమన్నాము. మొదటివాడు, "అయ్యగారూ, దేవుని పనికి కూడా కాగితమా?" అని నవ్వాడు. వెనక్కు పంపాము. రెండోవాడూ అంతే. పని రెండు రోజులు ఆగింది, మేస్త్రీ సణిగాడు. మూడోవాడు పట్టపగలే కాగితంతో వచ్చాడు. ట్రాక్టరుకు మూడు వందలు ఎక్కువ అడిగాడు. కమిటీలో కొంచెం వాదన జరిగింది గాని, ఇచ్చాము.