హీటింగ్ ఆగిందా? ముందు బాయిలర్ ముల్లు చూడండి!

చదువుకో, ఉద్యోగానికో యూకే వెళ్లిన మనవాళ్లకు తొలి చలికాలం ఓ పరీక్షే. పొద్దున్నే లేచేసరికి రేడియేటర్లు చల్లగా ఉంటాయి. షవర్‌లో వేడినీళ్లు రావు. గోడకున్న బాయిలర్ మీద ఏదో కోడ్ వెలుగుతుంటుంది. ‘పాడైపోయింది’ అని కంగారుపడకండి. చాలాసార్లు కారణం చిన్నదే... ప్రెజర్ తగ్గడం!

మన గీజర్ లాంటిది కాదు

గీజర్ నీళ్లు కాచి కుళాయికి పంపేస్తుంది, అంతే. అక్కడి ఇళ్లలో ఎక్కువగా ఉండే కాంబి బాయిలర్‌కి రెండు పనులు. ఒకటి, కుళాయి తిప్పగానే వేడినీళ్లివ్వడం. రెండోది, ఇంట్లోని రేడియేటర్లన్నింటినీ వేడెక్కించడం. రేడియేటర్లలో తిరిగే నీళ్లు వేరు. అవి బయటికి పోవు, మూసి ఉన్న పైపుల్లో అవే నీళ్లు తిరుగుతుంటాయి. ఆ నీటి ఒత్తిడినే బాయిలర్ మీదున్న గేజ్ చూపిస్తుంది. కుళాయి ధార సన్నగా వస్తే అది వేరే సమస్య, దీంతో కలపొద్దు.

ఎంత ఉండాలి?

బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. వేడెక్కాక 2 దాకా వెళ్లినా ఫర్వాలేదు. 1 కంటే బాగా కిందికి పడితే చాలా బాయిలర్లు తమంతట తామే ఆగిపోతాయి. 3 దగ్గరికి వెళ్తే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్లు బయటికి వదిలేస్తుంది.

నింపడం ఇలా

అద్దె ఇల్లయితే ముందు ఓనర్‌కో, ఏజెంట్‌కో గేజ్ ఫొటో పంపండి. ‘నింపుకోండి’ అంటేనే చేయి పెట్టండి. మోడల్‌ని బట్టి పద్ధతి మారుతుంది కాబట్టి మాన్యువల్ చూడటం తప్పనిసరి.

* బాయిలర్ ఆపేసి, చల్లారనివ్వండి.
* కింద వెండి రంగు అల్లిక పైపు ఉందేమో చూడండి. అదే ఫిల్లింగ్ లూప్. కొన్ని మోడళ్లలో దాని బదులు చిన్న లీవరో, తాళంచెవి లాంటిదో ఉంటుంది.
* పైపు రెండు చివర్లూ బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకోండి.
* వాల్వ్‌లు మెల్లగా తిప్పండి. సాధారణంగా పిడి పైపు వెంట నిలువుగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. నీళ్లు వెళ్తున్న చప్పుడు వినిపిస్తుంది.
* కళ్లు గేజ్ మీదే ఉండాలి. 1.2 దాటాక, 1.5 లోపే రెండు వాల్వ్‌లూ గట్టిగా మూసేయండి.
* బాయిలర్ ఆన్ చేయండి. అవసరమైతే రీసెట్ నొక్కండి.

ఎక్కువైపోయిందా? హీటింగ్ ఆపి, రేడియేటర్ చల్లారాక, పైమూలనున్న చిన్న స్క్రూకి గుడ్డ అడ్డం పెట్టి కీతో కొద్దిగా వదులు చేయండి. కాసిని నీళ్లు పోతే ముల్లు దిగుతుంది. రేడియేటర్ పైభాగం వేడెక్కకపోతే లోపల గాలి చేరినట్టే. దాన్ని తీయడమూ ఇలాగే. అయితే గాలి తీసినప్పుడు ప్రెజర్ తగ్గుతుంది కాబట్టి ఆ తర్వాత గేజ్ మళ్లీ చూడాలి.

మాటిమాటికీ తగ్గుతుంటే...

ఏడాదికి ఒకటి రెండుసార్లు నింపడం మామూలే. వారం వారం నింపాల్సి వస్తుంటే మాత్రం నీళ్లు ఎక్కడో కారుతున్నట్టే. రేడియేటర్ వాల్వ్‌ల దగ్గర తడి, గోడ మీద మరక ఉన్నాయేమో వెతకండి. బయట గోడకున్న రాగి పైపు నుంచి చుక్కలు పడుతుంటే సేఫ్టీ వాల్వ్‌ని అనుమానించాలి. వేడెక్కగానే 3 దాకా ఎగిరి, చల్లారాక సున్నాకి పడిపోతుంటే సాధారణంగా ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో గాలి తగ్గినట్టు. నింపుకుంటూ కాలం గడిపితే కొత్త నీళ్లతోపాటు ఆక్సిజన్ లోపలికి చేరి, రేడియేటర్లు తుప్పుపట్టి మడ్డి పేరుకుంటుంది. అప్పుడు ఖర్చు ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ మాత్రం చేయి పెట్టొద్దు

బాయిలర్ మూత ఎప్పుడూ విప్పకండి. గ్యాస్ పని ‘గ్యాస్ సేఫ్’ రిజిస్టర్‌లో ఉన్న ఇంజినీరే చేయాలి. అతని ఐడీ కార్డు అడిగి చూడటంలో మొహమాటం అక్కర్లేదు. గ్యాస్ వాసన వస్తే తలుపులు, కిటికీలు తెరిచి, స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఇంట్లో ఉంటే తలనొప్పి, కళ్లు తిరగడం, బయటికెళ్తే తగ్గడం... ఇవి దాని గుర్తులు. అలారం ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

ఇంకో మాట. అద్దె ఇళ్లలో హీటింగ్, వేడినీళ్ల రిపేర్లు ఇంటి యజమాని బాధ్యతేనని ఇంగ్లండ్‌లో 1985 నాటి చట్టం చెబుతోంది. ఏటా గ్యాస్ తనిఖీ చేయించి, ఆ సర్టిఫికెట్ కాపీ మీకివ్వాల్సిందీ ఆయనే. ‘అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటారేమో’ అని చలిలో వణుకుతూ కూర్చోకండి. ఫొటోతో సహా మెయిల్ పెట్టండి. నెలకోసారి గేజ్ మీద ఓ కన్నేయండి. దానికి పట్టేది పది సెకన్లే!