చాప్లిన్ "గురువు" అన్న మనిషి

సైలెంట్ కామెడీ అనగానే మనకి చాప్లినే గుర్తొస్తాడు. మరి ఆ చాప్లినే తన ఫొటో మీద "గురువు మాక్స్‌కి, శిష్యుడి నుంచి" అన్న అర్థం వచ్చేలా రాసి, సంతకం పెట్టి ఇచ్చింది ఎవరికో తెలుసా? ఫ్రెంచ్ నటుడు మాక్స్ లిండర్‌కి.

అసలు పేరు గాబ్రియేల్ లూవియెల్. 1883లో బోర్డో దగ్గర పుట్టాడు. ఇంట్లోవాళ్ళకి ద్రాక్షతోటలు, మనవాడికేమో నాటకాల పిచ్చి. పారిస్ చేరి 1905 నుంచి పగలు పాతే కంపెనీ సినిమాల్లో, రాత్రి స్టేజీ మీద నటించాడు.

అప్పట్లో తెర మీద కామెడీ అంటే ఎక్కువగా కిందపడటం, తరుముకోవడం. మాక్స్ రూటు వేరు. సిల్కు టోపీ, గ్లవ్స్, చేతికర్ర, చక్కగా దువ్విన మీసం. 1907లో స్కేటింగ్ సినిమాతో ఈ షోకిలా బాబు తెర మీదికొచ్చాడు. ఎంత ఇబ్బందిలో పడినా పరువు పోకుండా చూసుకోవాలని అతను పడే తిప్పలే మనకి నవ్వు. పాత్ర పేరూ మాక్సే కాబట్టి జనం సినిమా సినిమాకీ అతన్నే వెతుక్కుంటూ వచ్చారు. అలా దేశదేశాల్లో స్టార్ అయిపోయాడు.

1914లో యుద్ధం వచ్చింది. ఆరోగ్యం, మనసు రెండూ దెబ్బతిన్నాయి. 1916లో చాప్లిన్ వదిలేసిన ఎసనే కంపెనీ ఆయన స్థానంలో మాక్స్‌ని అమెరికా పిలిపించింది. శిష్యుడి ఖాళీలోకి గురువు! కానీ ఆ సినిమాలు ఆడలేదు.

అయినా 1921లో 'సెవెన్ ఇయర్స్ బ్యాడ్ లక్' తీశాడు. అందులో పనివాళ్ళు అద్దం పగలగొడతారు. దొరక్కుండా ఉండటానికి ఒకడు ఖాళీ ఫ్రేములో నిలబడి, మాక్స్ ఏం చేస్తే అదే చేస్తుంటాడు. 1933లో మార్క్స్ బ్రదర్స్ 'డక్ సూప్'లోనూ ఇలాంటి అద్దం సీనే ఉంది. ఎక్కువమందికి తెలిసింది అదే.

1925లో పారిస్‌లో మాక్స్, ఆయన భార్య ఎలెన్ ఇద్దరూ చనిపోయారు. ఆమె ఇష్టపడే చనిపోయిందా, ఆయనే బలవంతం చేశాడా అన్నది ఇప్పటికీ వివాదమే. తెర మీది నవ్వు చూసి మనిషి బాగున్నాడనుకోకూడదు.

వాళ్ళ పాప మోడ్‌కి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. పెద్దయ్యాక ఆమే తండ్రి రీళ్ళు వెతికి, 1963లో, 1983లో ఆయన మీద సినిమాలు తీసింది. ఈరోజు మాక్స్ మనకి కనిపిస్తున్నాడంటే చాలావరకు ఆ కూతురి పుణ్యమే.

ఈ వీకెండ్ ఆ అద్దం సీను ఒక్కసారి చూడండి. వందేళ్ళు దాటినా నవ్వు ఆగదు.