మీకు తెలుసా? సూరత్‌లో చెరువుగట్టు, డాంగ్‌లో టేకుబాట

సూరత్ అంటే చీరలు, వజ్రాలేనా? ఊరి నడిబొడ్డున ఐదొందల ఏళ్ల నాటి చెరువు కూడా ఉంది. పేరు గోపీ తలావ్. గుజరాత్ సుల్తానుల కొలువులో పలుకుబడి ఉన్న సంపన్న వర్తకుడు మలిక్ గోపీ 1510 ప్రాంతంలో దీన్ని తవ్వించాడు. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1613లో సూరత్‌లో వర్తక కోఠీ పెట్టేనాటికే దీనికి నూరేళ్లు! 1623లో వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లే తన యాత్రాలేఖల్లో దీన్ని వర్ణించాడు. ఆ తర్వాత నీళ్లింకి, చాలాకాలం పాడుబడి ఉన్న చెరువును నగరపాలక సంస్థ బాగుచేయించింది.

సూరత్‌లోనే లింబాయత్‌లో మరమగ్గాలు నడిపే తెలంగాణ పద్మశాలీలకు ఈ చెరువు ఏమంత దూరం కాదు.

అడవిబాట పట్టాలంటే మాత్రం డాంగ్ జిల్లా మహాల్ దాకా వెళ్లాలి. పూర్ణా నది ఒడ్డున అటవీశాఖ విడిది, చుట్టూ టేకు, వెదురు. వెళ్తే వానలు పడ్డాకే వెళ్లాలి. ఎండాకాలంలో టేకుచెట్లు మోడై నీడే దొరకదు. లేత టేకాకును అరచేతిలో నలిపితే చెయ్యి ఎర్రబడుతుంది, పిల్లలకు అదో సరదా. సోన్‌గఢ్ వైపు మళ్లితే తాపీ నది మీద 1972లో పూర్తయిన ఉకాయ్ ఆనకట్టనూ చూసి రావచ్చు.