ప్రతిధ్వనితో పిలుచు తీగ

నూతిలోనికి తొంగి చూచి కేక వేయని బాలుడు పల్లెలలో అరుదు. వేసిన కేక నూతి గోడలకు తగిలి మరలి వచ్చి చెవిని బడును. దీనినే ప్రతిధ్వని యందురు. మనకది వినోదము మాత్రమే. కాని ఈ ప్రతిధ్వనినే నమ్ముకొని వంశమును నిలుపుకొనుచున్న తీగ యొకటి లోకమున గలదు.

ఆ తీగకు పుట్టినిల్లు క్యూబా. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండముల నడుమ, ఉష్ణమండలమున, కరీబియన్ సముద్రములో నున్న ద్వీపము లన్నింటిలోను అది పెద్దది. ఈ తీగ ఆ ఒక్క ద్వీపపు టడవులలో దప్ప ప్రపంచమున మరెచ్చటను తనంత తాను పెరుగదు. వృక్షశాస్త్రజ్ఞులు దానిని మార్క్‌గ్రేవియా ఎవేనియా యని పిలుచుచున్నారు. పదునేడవ శతాబ్దమున బ్రెజిలు దేశపు చెట్టుచేమలను, జంతువులను శ్రద్ధతో పరిశీలించి, 1644లో మరణించిన జార్జి మార్క్‌గ్రేవ్ అను జర్మను పండితుని పేర ఈ తీగల కుటుంబమునకు ఆ పేరు వచ్చినది.

ఈ జాతి తీగలకు బాల్యమున ఒక రూపము, యౌవనమున మరియొక రూపము. మొదట తమలపాకు తీగవలె కణుపులయొద్ద పుట్టిన వేళ్లతో చెట్టు మ్రానును పట్టుకొని, ఆకులను బెరడునకు అంటించుకొని పైకి ప్రాకును. వెలుతురు గల ఎత్తునకు చేరిన పిమ్మట కొమ్మలు మ్రానును విడిచి గాలిలో వ్రేలాడును. ఆ కొమ్మల చివరనే పూలు పూయును. అవి చక్రాకారముగా నమరి యుండగా, వాని క్రింద తేనె నిండిన చిన్న చిన్న దొప్పలు వ్రేలాడుచుండును. తేనెకై మూతి చాచిన ప్రాణి తల, పైనున్న పూలకు తగులక తప్పదు. పుప్పొడి ఆ తలకు అంటుకొనును.

ఇంతవరకు పెద్ద వింత లేదు. కాని ఎవేనియా తీగలో పూగుత్తికి పైనున్న ఒకటి రెండాకులు తక్కిన ఆకులవలె నుండవు. అవి చిన్న గిన్నెలవలె లోతుగా వంగి యుండును. కాడ మెలిదిరిగి ఆకు నిటారుగా నిలిచి, గుంట భాగము బయటివైపునకు తిరిగి యుండును. ఆకు చేయవలసిన పని సూర్యరశ్మిని గ్రహించి మొక్కకు ఆహారము సిద్ధపరచుట. ఇట్లు వంగి నిలువుగా నిలిచిన ఆకు ఆ పనికి అంతగా కొరగాదు. మరి ఈ నష్టమునకు తీగ ఏల ఓర్చుకొన్నది?

దీనికి జవాబు చీకటి పడిన తరువాత గాని దొరకదు. రాత్రివేళ ఈ పూలకడకు వచ్చు అతిథి గబ్బిలము. మన యూళ్లలో మర్రికొమ్మలకు తలక్రిందుగా వ్రేలాడు పెద్ద గబ్బిలము కాదు. అది కంటిచూపుతోను, వాసనతోను పండ్లను వెదకుకొనును. క్యూబా గబ్బిలము చిన్నది, పొడుగైన నాలుక గలది. పూవు నెదుట రెక్కలాడించుచు గాలిలోనే నిలిచి తేనెను నాకును. చీకటిలో దానికి చెవియే కన్ను.

ఈ సంగతి తేలికగా తేలినది కాదు. చూపు పోగొట్టిన గబ్బిలములు సైతము అడ్డంకులకు తగులక ఎగురుచున్నవని 1793లో ఇటలీ శాస్త్రజ్ఞుడు స్పలాంజని కనుగొనెను. ఆ పరీక్షను తలచుకొన్న నేడు మనసు చివుక్కుమనును. జెనీవా నగరపు జురీన్ వాని చెవులు మూసి చూడగా, అవి దారి తెలియక అన్నిటికిని తగులుకొనెను. చివరకు 1938లో అమెరికాలో గ్రిఫిన్, పియర్స్ అనువారు ఒక యంత్రముతో గబ్బిలపు కూతలను పట్టగలిగిరి. సెకనుకు 20,000 కంపనములను మించిన ధ్వని మనుష్యుని చెవికి వినబడదు. గబ్బిలపు కూతలు ఆ హద్దునకు పైన నున్నవి. కూత వస్తువునకు తగిలి మరలి వచ్చును. దానిని బట్టి గబ్బిలము ఆ వస్తువు దూరమును, ఆకారమును గ్రహించును. మూడు మీటర్ల దూరమున నున్న ఆకు నుండి ప్రతిధ్వని మరలి వచ్చుటకు సెకనులో 50వ వంతు కాలమైనను పట్టదు.

అయితే చిక్కొకటి గలదు. అడవిలో ప్రతి ఆకును బదులు పలుకును. తిరునాళ్లలో తప్పిపోయిన బిడ్డకు తల్లి గొంతు వినబడినట్లు, ఆ సందడిలో పూవున్న చోటు గబ్బిలమునకు ఎట్లు తెలియవలెను?

బాలురు అద్దమును ఎండలో పట్టి వెలుగును గోడమీద ఆడింతురు. చేయి కొంచెము కదలినను వెలుగు ఎక్కడికో పోవును. బల్లపరుపుగా నున్న ఆకును అట్టిదే. కూత సూటిగా తగిలినప్పుడే బదులు గబ్బిలమునకు గట్టిగా వినబడును; ప్రక్కనుండి తగిలిన అది వేరొక దిక్కునకు పోవును. ఎగురుచున్న గబ్బిలమునకు ఒక క్షణము వినబడిన స్వరము మరుక్షణమున మారిపోవును. గిన్నెయాకు అట్లు కాదు. ఏ వైపునుండి వచ్చినను దాని గుంటలో ఏదో యొక భాగము గబ్బిలమునకు ఎదురుగా నుండును. కావున బదులు గట్టిగా వచ్చును. గబ్బిలము ఎటు తిరిగినను ఆ స్వరము ఒకే తీరుననుండును.

ఇట్టి సంగతి మొదట వేరొక తీగలో బయటపడెను. మన చేలగట్ల దూలగొండికి దగ్గరి చుట్టమైన తీగ యొకటి మధ్య అమెరికాలో గలదు. దాని పూరేకులలో నొకటి గుంటగా నుండి గబ్బిలపు కూతను మరలించునని డాగ్మార్, ఓటో ఫాన్ హెల్వర్సెన్ అను జర్మను శాస్త్రజ్ఞులు 1999లో ప్రకటించిరి. ఆ గుంటను దూదితో పూడ్చి చూడగా గబ్బిలముల రాక తగ్గిపోయెను. క్యూబా తీగలో ఆ పనిని పూరేకు కాక ఆకు చేయుచున్నది.

రాల్ఫ్ సైమన్ అను శాస్త్రజ్ఞుడు తోడివారితో గూడి దీనిని పరీక్షించెను. కృత్రిమమైన ఆకుల గుబురులో ఒక చిన్న తేనె పాత్రను దాచి, దాని చోటును మాటిమాటికి మార్చుచు, గబ్బిలములు దానిని ఎంతసేపటిలో కనుగొనునో లెక్కించిరి. పాత్ర ఒంటరిగా నున్నప్పుడు చాలసేపు పట్టెను. మామూలు ఆకు నమూనాను ప్రక్కన నుంచిన, చెప్పదగిన లాభము లేకపోయెను. గిన్నెయాకు నమూనాను ఉంచగా వెదకు కాలము సుమారు సగమునకు తగ్గెను. ఈ ఫలితములు 2011లో ప్రకటింపబడెను. పరిశోధనలో పాలుపంచుకొన్న ఓటో ఫాన్ హెల్వర్సెన్ 2009లోనే మరణించుటచే దానిని అచ్చున చూడలేకపోయెను.

సగము కాలము మిగులుట గబ్బిలమునకు స్వల్పలాభము కాదు. ఒక్కొక్క పూవునందు దొరకు తేనె కొంచెమే. పొట్ట నిండుటకు అది ఒక్క రాత్రిలో వందలకొలది పూలను దర్శింపవలెను. ఇక తీగకో, ఇది బ్రతుకు సమస్య. అడవిలో ఈ తీగలు గుంపుగా పెరుగవు. ఒకటి యిచ్చట నున్న మరియొకటి ఎంతో దూరమున నుండును. వాని నడుమ పుప్పొడిని చేరవేయు ప్రాణి దూరము పోగలదై యుండవలెను. పొడుగు నాలుక గబ్బిలమునకు వేరు పూలును గలవు. జమైకా, ప్యూర్టోరికో వంటి పొరుగు ద్వీపములలోను దాని సంతతి గలదు. ఈ తీగకు మాత్రము క్యూబాలో దప్ప నిలువ నీడ లేదు. అందుచే ఒకటి రెండాకుల ఎండను వదులుకొని, ఆ యతిథిని తన కడకు రప్పించుకొనుచున్నది.

ప్రొద్దు గ్రుంకగనే గబ్బిలము గుహ విడిచి బయలుదేరును. కూయుచు, వినుచు, ఆకుల గుబురుల నడుమ సాగును. గిన్నెయాకు బదులు పలికిన చోట రెప్పపాటు కాలము నిలిచి, తేనె నాకి, తలమీద పుప్పొడితో మరల చీకటిలోనికి పోవును. కొంత దూరము పోయిన తరువాత మరియొక గిన్నెయాకు దానికి బదులు పలుకును.