బందరు అద్దకమునకు పారునీరే ప్రాణము

కృష్ణా డెల్టాలో కాలువ అనగానే మనకు వరిచేలు జ్ఞప్తికి వచ్చును. ఆ నీరు పంటకే గాక బట్టమీది రంగునకు కూడ ఆధారమను సంగతి మనలో చాలమందికి తట్టదు. పెదపారుపూడినుండి ఉదయమున ఒంటరిగా బయలుదేరిన బాటసారి గుడివాడ చేరి బందరు రైలెక్కినచో, ఒక్కరోజులో ఈ సంగతిని కన్నులార చూచి రావచ్చును. ఆ దారిలో పెడన, చిలకలపూడి, మచిలీపట్నము వరుసగా వచ్చును. మేమును ఆ వరుసలోనే విషయమును వివరింపదలచితిమి.

మొదట దిగవలసిన ఊరు పెడన. బందరు కలంకారీకి నేడు ఇదే ముఖ్యస్థానము. కలంకారీ అనునది పారసీక పదము. కలముతో చేయు పని అని అర్థము. శ్రీకాళహస్తిలో నేటికిని కలముతోనే చిత్రింతురు. ఇక్కడ మాత్రము టేకుచెక్కపై చెక్కిన అచ్చులతో అద్దుదురు. రంగునకొక అచ్చు వేరుగా నుండును.

సంప్రదాయ పద్ధతి ఇట్టిది. ముతక నూలుబట్టను ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయపొడి కలిపిన పాలలో ముంచి ఆరవేయుదురు. పాలలోని జిడ్డు రంగును ప్రక్కకు ప్రాకనీయదు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్నాళ్లు ఊరవేసి, ఆ ద్రవముతో గీతలు అద్దుదురు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసినంతనే గీత నల్లబడును. ఎరుపు కావలసినచోట పటికద్రవము అద్దుదురు. పటికకు తనదైన రంగు లేదు. అద్దిన బట్టను చిరివేరు వేసిన నీటిలో మరగించినప్పుడు పటిక ఉన్నచోటనే ఎరుపు నిలుచును. నేడు చిరివేరునకు బదులు అలిజరిన్ అను తయారీరంగును కూడ వాడుచున్నారు. నీలమునకు నీలిమందు, పసుపురంగునకు దానిమ్మతొక్క వంటివి పూర్వమునుండి వాడుకలోనున్నవి.

పారునీటి అవసరము మరగించుటకు ముందే వచ్చును. అద్దిన పటికలో కొంత బట్టకు పట్టక మిగిలిపోవును. నిలువనీటిలో జాడించినచో ఆ మిగులు కరిగి, బట్టయందలి ఖాళీచోట్ల చేరును. పిదప మరగించినప్పుడు అక్కడ కూడ ఎరుపెక్కి మచ్చలు పడును. పారునీటిలో బట్టను పరచి పట్టినచో మిగులు పటిక ప్రవాహములో కొట్టుకొనిపోవును. పువ్వు పువ్వుగాను, నేల నేలగాను మిగులును. అనగా కాలువ ఈ వృత్తిలో ఒక పనిముట్టు. అచ్చు ఎంత అవసరమో, ప్రవాహమును అంత అవసరము.

తరువాతి మజిలీ చిలకలపూడి. రాగి మొదలగు లోహములపై పలుచని బంగారుపూత నిలిపిన నగలకు ఈ ఊరు ప్రసిద్ధి. పేదయింటి పెండ్లికూతురుకు కూడ మెడనిండ నగ సమకూర్చిన పనితనమిది. దీనిని నకిలీయని చులకన చేయుట తగదు.

అక్కడినుండి బందరు సమీపమే. బందరు అనగా పారసీకమున రేవు. గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున ఇది వారి రాజ్యమునకు ముఖ్యమైన ఓడరేవు. పారసీక వర్తకులకు తోడు డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును ఇచ్చట వర్తకమునకు దిగిరి. పలంగ్‌పోష్ అను పరుపుదుప్పట్లు, పూలగుడ్డలు దూరదేశములకు ఎగుమతి అయ్యెను. పారసీకులు మెచ్చు సరోవృక్షములు, తీగెలు తెలుగువారి చేతిపనిలో చేరినవి. ఈ బట్టల పోటీకి తాళలేక 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు అద్దకపుగుడ్డలపై నిషేధశాసనములు చేసినవి. పిదప పందొమ్మిదవ శతాబ్దములో మిల్లుగుడ్డ వచ్చి చేతిపనిని దెబ్బతీసినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది మరణించిరి. పట్టణము మరల పూర్వపు దశకు రాలేదు. నేడు కోటలోని శిథిలములు, డచ్చివారి సమాధిఫలకములు ఆ కాలమునకు సాక్ష్యములు.

రేవు క్షీణించినను అద్దకము నిలిచినది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టాలో కాలువలు విస్తరించినవి. బందరు కాలువపై పడవలు సరకులు మోసినవి. పడవల రాకపోకలు ఆగిపోయినను నీరు చేలకును, అద్దకమునకును అందుచునే యున్నది. అయితే వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు పారునీరు దొరకదు. గుర్రపుడెక్క అల్లుకొన్నచోట ప్రవాహము మందగించును. ఊరిమురుగు కలిసిన నీటిలో జాడించిన బట్ట కళ తప్పును. ఇవిగాక యంత్రముపై ముద్రించిన గుడ్డను కలంకారీయని చౌకగా అమ్ముటవలన, రోజులతరబడి శ్రమించినవానికి గిట్టుబాటు కరువగుచున్నది.

పారసీక నామము, తెలుగు హస్తము, కృష్ణమ్మ నీరు కలిసి ఈ బట్ట అయినది. ఉర్దూ, తెలుగు రెండును చదువుకొను మన విద్యార్థులకు ఇంతకంటె సొంతమైన పాఠము వేరొకటి లేదు. రసాయనశాస్త్ర విద్యార్థులు అద్దకపురేవుల నీటిని పరీక్షింపవచ్చును. భాషా విద్యార్థులు పనివారి నోట మిగిలిన పారసీక పదములను సేకరింపవచ్చును. కళాశాల సంఘమువారు ఏటా ఒక్కరోజు ఈ యాత్రకు కేటాయించినచో రెండు పనులును సాగును. కొనువారముగా మనకును ఒక బాధ్యత కలదు: అచ్చుబట్టయో, యంత్రపుబట్టయో అడిగి తెలిసికొని కొనుట. కాలువను మురుగుగుంట కానీయక కాపాడుకొనుట అందరి బాధ్యత. కాలువ ఆగిననాడు పెడన అచ్చులు అటకెక్కును.